నక్కగోరు గట్టు మీది రాళ్లు

నక్కగోరు గట్టు మీద ఎవరైనా జారిపడి చనిపోతే, ఆ చోట వచ్చేపోయేవాళ్లు తలా ఒక రాయి పెట్టడం ఆచారం. ఆ బరువు లేకపోతే పోయినవాళ్లు లేచి, తోడు రమ్మని పిలుస్తారని పెద్దల మాట.

ఇప్పుడు గట్టెక్కే ప్రతివాళ్ల చెవికీ ఒక యంత్రం ఉంటోంది. అదే చూస్తుంది, అదే దారి చెబుతుంది. రాళ్లు పేర్చి ఉన్నచోటల్లా దారి ఉందని దాని నమ్మకం. ఆ గుట్టలేమో లోయ అంచున, వానకు పొరలుగా ఊడే ఎర్రరాతి మీద ఉన్నాయి. రెండేళ్లలో మూడు గుట్టలు తొమ్మిదయ్యాయి.

"ఎడమకి ఎల్లకమ్మా, రాయి నానిపోయుంది," అన్నాడు ధనుంజయ్. ఒకప్పుడు అతనే గైడు.

"యంత్రం ఎడమకే పొమ్మంటోంది బాబాయ్. నీకంటే దానికే తెలుసులే," అని నవ్వింది గట్టెక్కడానికి వచ్చిన నీహారిక. స్నేహితులతో కలిసి టీ పాక వైపు నడిచింది.

టీ కాగేంత సమయమైనా దొరికిందని ధనుంజయ్ దణ్ణం పెట్టుకున్నాడు. దారి చీలేచోట, ఎడమవైపున్న మొదటి గుట్ట అతని భార్య జమునది. "ఏమనుకోకే," అంటూ ఒక్కొక్క రాయీ ఎత్తి కుడి దారి మొదట్లో పేర్చాడు.

కాసేపటికి పిల్లలు వచ్చారు. "బాబాయ్, ఇప్పుడు కుడికంటోంది!" అని అరిచి, అటే వెళ్లిపోయారు.

ధనుంజయ్ ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. అతని చెవికి ఏ యంత్రమూ లేదు.

"ఏమయ్యా, ఒక్కదాన్నే ఉన్నాను. ఇటు రావా?" అని ఎడమవైపు నుంచి వినిపించింది.