నాలుగు వేళ్ల నీళ్లు

వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం చలికాలానికి జెద్దా వెళ్లిపోయాక, సౌదీలో చలి పడే అభా కొండమీది విల్లాలో లింబాద్రి ఒక్కడే మిగిలాడు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా పెరట్లో దిగి స్నానం చేసే వేడినీళ్ల తొట్టిని రాత్రిపూట చూసుకోవడమే అతని పని. నీళ్లు ఎంతవరకు ఉండాలో ఎర్ర టేపు అంటించి గుర్తు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మూత ఎత్తితే నీళ్లు టేపుకు నాలుగు వేళ్లు పైన ఉన్నాయి. వాన లేదు. నల్లా కట్టేసే ఉంది.

జెద్దాలో ఉన్న డ్రైవర్ జనార్దన్‌కు ఫోన్ చేశాడు.

"ఎవలన్న దిగితేనే పెరుగుతయి గదరా," నవ్వాడు జనార్దన్. "నువ్వు దిగినవా?"

"లేదన్నా. బయటనే ఉన్న."

ఫోన్ పెట్టేశాక తొట్టి మీద ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు. రెండు నెలలుగా ఎదురుగా ఒక మనిషితో మాట్లాడి ఎరగడు లింబాద్రి. పారిపోబుద్ధి కాలేదు.

"చలివెడుతున్నదా?" అని మెల్లగా అడిగి, వేడి రెండు డిగ్రీలు పెంచాడు.

అల కూడా లేవకుండా, నీళ్లు మరో నాలుగు వేళ్లు పెరిగాయి.