పాల పైపులో మీటరు

“మిగతా క్యాన్లు కాలవలో పోసెయ్యండి!” అన్నాడు మేనేజర్ పెంచలనరసయ్య.

మాలకొండమ్మ క్యాన్లకు అడ్డం పడింది. “ఎందుకు పోస్తావయ్యా? వింజమూరు నుంచి తెల్లారే బస్సుకు ఏసుకోనొచ్చినా. చుక్క నీళ్ళు కలిపుంటే నా కళ్ళు పోతాయి.”

“నన్నడగబాక. దాన్నడుగు.”

మేనేజర్ చూపించిన గోడ మీద మీటరు ముల్లు ఇరవైనాలుగు దగ్గర ఆగి ఉంది. మంచి బర్రెపాలకు ముప్పై చూపించాలి. పొద్దుటి నుంచి తొట్టిలో పోసిన ప్రతివాళ్ళ పాలకూ అది ఇరవైనాలుగే చూపిస్తోంది.

పక్కనే నిలబడ్డ ఫిట్టర్ ఖాదర్ బాషా ఆ ముల్లు వంకే చూస్తున్నాడు. ఆత్మకూరులోని ఆ పాల ప్లాంటులో నిన్ననే అతను ఆ మీటరు బిగించాడు. పైపులో పారే పాలలో రెండు ఉక్కు పుల్లలు మునిగి సన్నగా వణుకుతుంటాయి. పాలు చిక్కనయితే వణుకు నెమ్మదిస్తుంది, పలచనయితే వేగం పెరుగుతుంది. దాన్నిబట్టే ముల్లు కదులుతుంది. ఆ పుల్లల మధ్య ఇరుకులో ఒక్క గాలిబుడగ చిక్కినా, పంపు అదురు తగిలినా ముల్లు అబద్ధం చెబుతుంది. ఊళ్ళకు ఊళ్ళు ఒక్కరోజే దొంగలయినాయా, లేక తన బిగింపే తప్పా?

“సార్, ఒక్క నిమిషం,” అంటూ పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు తెచ్చి మాలకొండమ్మ క్యానులో వదిలాడు. నికరంగా ముప్పై దగ్గర తేలింది.

“చూసినారా!” అంది మాలకొండమ్మ.

అయితే తప్పు తనదే అనుకున్నాడు ఖాదర్.

“పన్నెండుకి ఓనరు వస్తాడు. ఆలోగా ముల్లు సరి కాకపోతే నీ సంచి సర్దుకో,” అన్నాడు మేనేజర్.

ఖాదర్ పైపు మీద చెయ్యి పెట్టి చూశాడు, పంపు అదురు లేదు. పంపు ఆపించి, మీటరు నట్లు విప్పాడు. గాలి చిక్కలేదు. పుల్లలు నిటారుగా ఉన్నాయి. చివరికి మాలకొండమ్మ క్యానులో పాలు బకెట్లోకి వంచి, పుల్లల్ని అందులో ముంచాడు. ముల్లు లేచి ముప్పై మీద నిలబడింది.

మీటరు మంచిదే. పాలూ మంచివే. మరి మధ్యలో?

తొట్టి దగ్గర్నుంచి పైపు వెంబడి చెయ్యి రాసుకుంటూ గోడ వెనకాలకు నడిచాడు. అక్కడ, మీటరుకి ముందే, పైపులు కడిగే నీళ్ళ లైను పాల పైపుకు కలుస్తోంది. పాలు పారేటప్పుడు మూసి ఉండాల్సిన దాని వాల్వు సగం తెరిచి ఉంది. కదలకుండా తీగ చుట్టి మరీ కట్టారు.

“ఖాదర్!” వెనకనుంచి మేనేజర్ గొంతు. మొహంలో నెత్తురు చుక్క లేదు. “దాని జోలికి పోబాకరా. నీకు పుణ్యముంటాది, ఇవతలికి రా.”

దొంగ ఎవరో ఖాదర్‌కి అర్థమయింది. అదే సమయంలో బయట కారు ఆగిన చప్పుడు. మేనేజర్ మాట ముందు ఫిట్టర్ మాట ఎవరు వింటారు? కళ్ళు మూసుకుని నట్లు బిగించుకుంటే సరిపోతుందేమో. కానీ వాకిట్లో మాలకొండమ్మ క్యాన్ల మీద రెండు చేతులూ వేసుకుని ఇంకా కూర్చునే ఉంది.

ఖాదర్ తిన్నగా కారు దగ్గరికి వెళ్ళాడు.

“సార్, ఒక్కసారి ఇట్టా రాండి.”

ఓనరు చంద్రశేఖర్ గోడ వెనక్కి వచ్చి, వంగి, తీగ కట్టిన వాల్వును చూశాడు. మేనేజర్ తల దించుకున్నాడు.

“మీటరు తప్పు కాదు సార్. ఆయమ్మ పాలూ తప్పు కాదు. నీళ్ళు ఈడ కలుస్తుండాయి,” అన్నాడు ఖాదర్ ఒక్క ఊపిరిలో.

ఓనరు తీగను వేలితో లాగి చూశాడు. గట్టిగానే ఉంది. దాన్ని విప్పకుండానే లేచి, జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

“పనోడివేనయ్యా,” అన్నాడు ఖాదర్ భుజం తట్టి. “కానీ మీటరును ఈ నీళ్ళ పైపుకు ముందు గదా బిగించాల్సింది!”