గుమ్మం దాటని కాగితం

1956 ఫిబ్రవరి 10, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటలు. చోడవరంలో కరణం లక్ష్మీనరసింహం గారి వీధి అరుగు. హాజరైనవారు: కరణం గారు, చెరకు రైతుల పెద్ద సత్యారావు, బండి తోలే పరదేశి.

పరదేశి అరుగు కింద నిలబడ్డాడు.

కలెక్టరుకు పంపవలసిన అర్జీ సిద్ధంగా ఉంది. మోర్మన్ అనే క్రైస్తవ శాఖ తరఫున అమెరికా నుంచి మతబోధకు వచ్చిన హేల్ అనే యువకుణ్ణి ఈ ప్రాంతం నుంచి పంపివేయాలని అందులోని కోరిక. పెద్దలందరూ సంతకాలు చేశారు. కరణం గారిదొక్కటే మిగిలింది.

"ఇరవయ్యేళ్ళ గుంటడు, మనకి దేవుణ్ణి సూపిస్తాడట!" సత్యారావు కాండ్రించి ఉమ్మాడు. "మా ఇంట కాఫీ ఇస్తే ముట్టలేదండీ. ఆళ్ళ మతంలో తప్పట!"

"నా గుమ్మానికి మూడుసార్లు వచ్చేడయ్యా," అన్నారు కరణం గారు. "ఏదో మడత కాగితం అందియ్యబోయేడు. మత కరపత్రం కాక మరేమిటి? నోరు విప్పనిస్తేనా! మూడుసార్లూ గుమ్మంలో పసుపునీళ్ళు చల్లించేను."

ఆ తలపుకే ఆయన ముఖం వికారంతో ముడుచుకుంది.

"ఒరే పరదేశీ, సూసింది సెప్పు," అన్నాడు సత్యారావు. "ఎవుళ్ని ఆళ్ళ మతంలో కలుపుకున్నాడు?"

"ఎవుళ్నీ నేదు బాబూ. చీడికాడ ఊరెల్లే దారిలో, సెరుకుతోట ఎనకాల, కుష్టు ముసలాయన గుడిసికి రోజూ ఎల్తాడు. నా బండిమీదే."

"ఏటి సేస్తాడక్కడ?"

"పుళ్ళు కడుగుతాడు. సీము తుడుస్తాడు. గుడ్డలు ఉడకేస్తాడు. ఆనక పొస్తకం తీసి ఆళ్ళ దేవుడి సంగతి సెప్తాడు."

"ఛీ! ఛీ!" కరణం గారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఆ చేత్తోనా నాకు కాగితం ఇయ్యబోయేడు!"

"ముసలోడు మతం మారీసేడా?" సత్యారావు అడిగాడు.

"నేదు బాబూ. అంతా ఇని నవ్వుతాడు. 'బాగుంది నాయనా, ఇప్పుడు నా పద్యం ఇను' అంటాడు. దొరబాబు బుద్ధిగా అప్పసెప్తాడు."

సత్యారావు పకపకా నవ్వాడు. "గురువుకే గురువు దొరికేడన్నమాట!"

పరదేశి నవ్వలేదు. చేతులు కట్టుకున్నాడు.

"ఈ బాబుని పంపీసేరంటే ఆ ముసలాయన్ని సూసీవోడు నేడండీ. సేతులకి ఏలొక్కటీ నేదు. ముద్ద కూడా ఈ బాబే నోట్లో పెడతాడు."

"అదంతా నీకెందుకురా? కరపత్రం తెమ్మన్నాను, తెచ్చేవా?" అన్నారు కరణం గారు.

పరదేశి మొలలోంచి నలిగిన కాగితం తీసి అరుగు అంచున పెట్టాడు. "తమరు పుచ్చుకోనిది ఇదేనండి. 'నువ్వైనా అందించు' అని నిన్న నాకిచ్చేడు. నాకు సదువు రాదు."

కరణం గారు ఒక చీపురుపుల్లతో దాన్ని విప్పారు.

అచ్చు కాదు, చేతిరాత. కొత్తగా దిద్దుకుంటున్న పిల్లవాడి రాతలా వంకరటింకర అక్షరాలు.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. పుల్ల జారి కింద పడింది.

"ఏటుందండీ?" సత్యారావు ముందుకు వంగాడు.

కరణం గారు కాగితాన్ని చప్పున బోర్లించారు.

"మతప్రచారమే."

కలం ముంచి అర్జీ మీద సంతకం చేశారు. సత్యారావు దాన్ని పుచ్చుకుని బస్సుకు బయలుదేరాడు. పరదేశి తలవంచుకుని బండి కట్టాడు.

వీధి తలుపు మూసుకున్నాక, కరణం గారు ఆ కాగితాన్ని చేత్తో ఎత్తి మూడోసారి చదువుకున్నారు.

"తమ్ముడు నరసింహానికి ఆశీస్సులు. నాకు వేళ్ళు లేవు గనక ఈ అబ్బాయి చేత రాయిస్తున్నాను. నాకేమీ వద్దు. ఊళ్ళో ఇతనికి గుక్కెడు నీళ్ళిచ్చేవారు లేరు. కాఫీ తాగడు. మన ఇంట ఒక్క పూట మజ్జిగ పోయించు."

కింద సంతకానికి బదులు, వేళ్ళు లేని అరచేతి ముద్ర.

పక్కన పేరు, కామేశం: పదకొండేళ్ళ కిందట తాను కాశీలో వదిలివచ్చి, పోయాడని ఊరికి చెప్పి, ఈ పుష్యమాసంలోనే పదకొండో తద్దినం కూడా పెట్టిన అన్నగారు.

లక్ష్మీనరసింహం గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దస్త్రం అడుగున దాచి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళారు.