వైనుకు కుదిరే కూర

అది 1974 డిసెంబరు. ఫ్రాన్సు నుంచి చెల్లెలు పంపిన ఎర్ర వైను సీసాను ఫాదర్ లూసియన్ తెరిచి మూడు రోజులైంది. దానికి కుదిరే కూర మాత్రం పటమట మిషన్ బంగళాలో ఇంకా తయారుకాలేదు.

మొదటిరోజు వంటమనిషి అమలమ్మ కోడికూర వండింది. ఆయన ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి, "కుదరలేదు" అన్నాడు. మర్నాడు కొర్రమీను పులుసూ కుదరలేదు. అమలమ్మ అల్లుళ్ళు గిన్నె ఖాళీ చేసిగాని లేవని పులుసు అది.

మూడోరోజు వేటమాంసం వడ్డించి, వంటింట్లో కాస్త రుచి చూసి ఉలిక్కిపడింది. చిరాకులో ఉప్పు వేయడమే మరిచిపోయింది. పరుగున వెళ్ళేసరికి ఆయన సగం తినేశాడు.

"ఉప్పు సరిపోయిందాండీ?"

"ఉప్పుకేం, సరిపోయింది. వైనుకే కుదరలేదు."

అమలమ్మకు ఒళ్ళు మండిపోయింది. "అందులో ఉప్పే వెయ్యలేదండీ ఫాదరుగారూ! పదేళ్ళుగా తింటున్నారు నా వంట. నచ్చకపోతే ఇంకో మనిషిని పెట్టుకోండి. ఇట్లా ఏడిపించొద్దు!"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"టైఫాయిడ్ తగ్గినప్పటినుంచి నాలుకకు ఏ రుచీ తెలియడం లేదు, అమలమ్మా. వైనుతో తింటే నీ కూరల్లో ఏ ఒక్కటైనా తెలుస్తుందేమోనని చూస్తున్నాను."

అమలమ్మ ఆ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"వగరుగా ఉందండీ, నేరేడుపండు తిన్నట్టు. ఉండండి, కూరలో ఉప్పేసుకొస్తాను. రెండూ కలిస్తే ఎట్లా ఉందో చెప్తాను."