అమ్మ పెంచిన చేపలు

"నీళ్లన్నీ మార్చేశారా ఆంటీ?" స్కూల్ బ్యాగ్ పడేసి శ్రుతి అక్వేరియం దగ్గరకు పరుగెత్తింది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"మురికిగా ఉందని... ఫిల్టర్ కూడా కడిగేశాను." రాగిణి కంగారుగా దగ్గరకొచ్చింది. శ్రుతి తండ్రిని పెళ్లి చేసుకుని ఈమధ్యే అమెరికాలోని నేపర్‌విల్ వచ్చింది. ఈ చేపలు శ్రుతి కన్నతల్లి పెంచినవి; ఆవిడ చనిపోయింది.

"ట్యాప్ వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది!" శ్రుతి గబగబా క్లోరిన్ విరిచే మందు కలిపింది.

చేపలు కిందికి దిగేదాకా రాగిణి గదిలో తిరుగుతూనే ఉంది. "మీ అమ్మ చేపల్ని చంపేసేదాన్ని. నన్ను తిట్టు శ్రుతీ."

"అమ్మ కూడా ఫస్ట్ టైమ్ ఇలాగే చేసింది. ఒక్కటీ బతకలేదు."

ఆ పిల్ల తనతో తల్లి మాట ఎత్తడం ఇదే మొదలు. రాగిణి మెల్లగా పక్కన కూర్చుంది.

"అప్పుడేం చేసింది మీ అమ్మ?"

"చాలా ఏడ్చింది," అంది శ్రుతి, నవ్వుతూ.