లెక్కలు రాని మామ్మగారు

"లెక్కలు తప్పనిసరా?"

అడిగిన టైలరమ్మ చేతిలో దరఖాస్తు ఫారం అప్పుడే సగం మడతపడింది.

"తప్పనిసరేనమ్మా," అన్నాడు కిటికీ అవతలి గుమాస్తా. "మా కాలేజీలో వయసు అడగం, పాత మార్కులు అడగం. ఫీజు కూడా నామమాత్రమే. లెక్కలు మాత్రం అందరూ చదవాల్సిందే."

టైలరమ్మకి నలభై రెండేళ్లు. కుట్టుపని నేర్పే ఉద్యోగం ఇస్తాం గానీ చదువు సర్టిఫికెట్ కావాలన్నారని, చేతిలో గౌను సగం కుట్టి వదిలేసి వచ్చింది. ఎనిమిదో తరగతిలో లెక్కల పీరియడ్‌లోంచి పారిపోయిన మనిషి, మళ్ళీ బడి మొహం చూడలేదు.

మెల్లగా వరుసలోంచి పక్కకు జరిగింది.

"ఎక్కడికమ్మాయ్?"

డెబ్భై దాటిన ముసలావిడ. లావుపాటి కళ్లద్దాలు, భుజాన గుడ్డసంచి.

"లెక్కలున్నాయట మామ్మగారూ. నావల్ల కాదు."

"నీకొక్కదానికేనా భయం? పద, ఇద్దరం పక్కపక్కన కూర్చుందాం. నీకు తెలిసింది నాకు చెబుదువుగాని."

ఏ మూడ్‌లో ఉందో ఏమో, టైలరమ్మ ఫారం మడత విప్పి కిటికీలోంచి అందించేసింది.

క్లాసు మధ్యాహ్నం రెండింటికి. మేడమీది గది. పెద్ద కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే సుద్దపొడి అందులో నింపాదిగా తేలేది. డ్యూటీ దిగి వచ్చిన బస్సు డ్రైవరు, నర్సు, హోటల్లో వంటాయన, అందరి కళ్లూ మూతలు పడుతుండేవి.

లెక్కల మాస్టారి గొంతు ఎక్కడో నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు ఉండేది.

ఆ జోగులో మోచేత్తో ఒక పోటు.

"అమ్మాయ్, ఎక్స్ అంటే ఏమిటన్నాడు?"

"తెలియని అంకె మామ్మగారూ."

"తెలియనిదాన్ని రాసుకోవడం ఎందుకూ?"

టైలరమ్మ నోటుపుస్తకం మూల ఒక ఖాళీ గడి గీసి చూపించింది.

"ఒక్కోసారి చొక్కాకి చేతి పొడుగు తర్వాత చెప్తామంటారు. చీటీలో అక్కడ ఖాళీ వదిలేసి మిగతా అంతా రాసుకుంటాం కదా? ఆ ఖాళీకి పేరే ఎక్స్."

"ఓహో! ఏదీ, మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది.

రోజూ ఇదే వరస. భిన్నాలు మళ్ళీ చెప్పు. శాతాలు మళ్ళీ చెప్పు. అలా ఎందుకు, ఇలా ఎందుకు కాదు? క్లాసంతా ఆవిడకి 'మళ్ళీచెప్పు మామ్మ' అని పేరు పెట్టేసింది.

ఇంట్లో మిషను మీద పుస్తకం ఆనించి, కుడుతూనే తనలో తాను గొణుక్కునేది టైలరమ్మ.

"ఎవరితోనమ్మా మాటలు?" కూతురు నవ్వేది.

"రేపు మామ్మగారు అడుగుతారే. ముందే చూసుకోకపోతే నన్ను నంజుకు తింటారు."

ఎప్పుడు మొదలైందో తెలీదు. నల్లబల్ల మీది అంకెలు కిందికి దిగొచ్చి, గుడ్డ మీద గుండుసూదుల్లా వరుసకట్టి నిలబడుతున్నట్టు అనిపించేది. గుచ్చుకునేవి కావు.

పరీక్షలు వారం ఉన్నాయనగా మాస్టారు ముఖ్యమైన లెక్క ఒకటి చెబుతున్నారు.

"అమ్మాయ్, మళ్ళీ చెప్పు." అప్పటికి అది నాలుగోసారి.

"మామ్మగారూ!" టైలరమ్మ గొంతు గదంతా వినపడింది. "ఏడాదిగా మీకు చెప్పడంతోనే సరిపోతోంది. మీకిది కాలక్షేపం, నాకు బతుకు. ఇకనైనా నన్నొదిలెయ్యండి."

మామ్మగారు కళ్లద్దాలు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు.

"అలాగేనమ్మాయ్. ఇంక అడగన్లే."

ఆ గొంతులో కోపం లేదు. సంతోషంలాంటిదేదో ఉంది. టైలరమ్మకి అర్థం కాలేదు.

మర్నాడు పక్కన బెంచీ ఖాళీ. ఆ పై రోజూ అంతే.

'అలిగినట్టున్నారు. పరీక్షయ్యాక వెళ్లి బతిమాలుకోవాలి' అనుకుంది.

పరీక్ష రోజు ప్రశ్నపత్రం చూడగానే అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు మూసుకుంది. ఊరి చప్పుడంతా ఎటో వెళ్లిపోయింది.

'అమ్మాయ్, ఇదేమిటి?'

చెప్పడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, చెయ్యి రాస్తోంది. కాగితం మీద పడ్డ ఎండ ఈ అంచునుంచి ఆ అంచుకి జరిగింది. గంట మోగేసరికి చెప్పాల్సిందంతా అయిపోయింది.

ఫలితాల్లో లెక్కల్లో క్లాసుకే మొదటి మార్కు ఆమెది.

మెత్తటి గుడ్డ తెచ్చి, కొలతలేవీ లేకుండా కంటి అంచనాతోనే మామ్మగారికి చలికోటు కుట్టింది. కాగితంలో చుట్టుకుని మాస్టారి గదికి వెళ్లింది.

"మామ్మగారి రోల్ నంబరు చెబుతారా సార్? ఆఫీసులో అడ్రసు అడగాలి. ఆవిడ కాళ్లు పట్టుకోవాలి నేను."

మాస్టారు ఆ పొట్లం వంక చూశారు.

"కూర్చోమ్మా. ఆవిడ పోయి పన్నెండు రోజులైంది. మన క్లాసులు చివరికొచ్చేటప్పటికే ఒంట్లో బాగాలేదు. ఎవరికీ చెప్పలేదు."

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. పొట్లం ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉండిపోయింది.

"పాపం, పరీక్షయినా రాయకుండానే," అంది చివరికి. "అంత ఇష్టపడి వచ్చేవారు. ఇంకొక్కసారి చెబితే నా సొమ్మేం పోయేది? ఆవిడకి ఒక్క లెక్కయినా వచ్చిందో లేదో సార్."

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"ఆవిడకి రోల్ నంబరు లేదమ్మా," అన్నారు. "నాకంటే ముందు ముప్పై ఏళ్లు ఈ కాలేజీలో లెక్కలు చెప్పింది ఆవిడే."