పదకొండో లెవెల్

తూకం మిషన్ మీద తిప్పేష్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అంకె నలభై రెండు దగ్గరే ఆగిపోయింది. పోయిన వారమూ అంతే.

"రోజుకు ఆరు గుడ్లు తింటున్నావు. ఎక్కడికి పోతున్నాయి తిప్పేష్?" అన్నాడు ప్రణీత్ సార్. ఆ ఫుట్‌బాల్ అకాడమీలో ఫిట్‌నెస్ కోచ్ ఆయన. చెడ్డవాడేం కాదు, పాపం. ఆయన పని ఆయనది.

"బాత్రూంలోకి పోతాండాయి సార్," అన్నాడు వెనక నిలబడిన ఓబుళేసు. పదహారేళ్ళ బ్యాచ్ అంతా ఘొల్లుమంది. ఓబుళేసుకు అప్పుడే మీసం నల్లబడింది, భుజాలు తిరిగాయి.

తిప్పేష్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు.

బంతి కాలికి దొరికిందంటే మాత్రం వాణ్ణి పట్టుకోవడం ఆ బ్యాచ్‌లో ఎవరి తరమూ కాదు. గుమ్మఘట్ట దగ్గర సొంతూళ్ళో గొర్రెల వెనక తిరిగిన కాళ్ళు అవి. కానీ ఈ రోజుల్లో కాళ్ళొక్కటే ఎవరికి కావాలి? ఛాతీకి బిగించే జీపీఎస్ బనియను ఒకటుంది. ఎంత దూరం ఉరికావు, ఎక్కడ చతికిలబడ్డావు, అన్నీ మధ్యాహ్నానికల్లా సార్ల ముందు పెట్టేస్తుంది. ఆట సగం దాటితే తిప్పేష్‌కు ఊపిరి అందేది కాదు. ఎదుటివాడి భుజం తగిలితే పక్కకు పడేవాడు. వీడెలాగూ పడిపోతాడని బంతి ఇవ్వడం కూడా మానేశారు.

మొన్న బెంగుళూరు క్లబ్బువాళ్ళు వచ్చి అందరి మణికట్లకూ ఎక్స్‌రేలు తీయించారు. వయసు తగ్గించి చెప్పి దూరినవాళ్ళను ఎముకల్ని బట్టి పట్టుకోవడానికి. ఇద్దరు దొరికిపోయి మూటలు సర్దుకున్నారు. తిప్పేష్ రిపోర్టు చూసి డాక్టరు, "ఈ అబ్బాయి మీద అనుమానమే లేదు," అని టిక్కు పెట్టేశాడు.

బ్యాచ్‌లో అందరూ ఇంటర్‌లో చేరబోతున్నారు. తిప్పేష్ ఇప్పుడే తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాడు. గొర్రెల వెంట తిరిగి బడికి ఆలస్యంగా పోయుంటాననుకున్నాడు. అడుగుదామంటే ఎవరిని? ఆదివారం ఐదు నిమిషాల ఫోనులో అమ్మ "తింటివా నాయనా" అని ఏడవడం, వీడు ఏడవకుండా ఉండడం, ఇంతలోకే టైము అయిపోయేది.

మెస్ గోడకు చార్టు అంటించారు. బీప్ టెస్టులో పద్నాలుగేళ్ళ వాళ్ళు తొమ్మిదో లెవెల్ దాటాలి, పదిహేనుకు పది, పదహారుకు పదకొండు. ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతలు. బీప్ కొట్టేలోపు అటు ఉరకాలి, మళ్ళీ కొట్టేలోపు ఇటు. లెవెల్ పెరిగేకొద్దీ బీప్‌లు దగ్గర పడతాయి. మూడుసార్లు తప్పితే ఇంటికే. తిప్పేష్ రెండుసార్లు తప్పాడు.

అందుకే తెల్లారకముందే లేచి ఒక్కడే గ్రౌండుకు పోయేవాడు. జతకు రమ్మంటే ఓబుళేసు ముసుగు లాక్కునేవాడు. తిప్పేష్ తన చెప్పులు ఒకటి ఈ కొసకు, ఒకటి ఆ కొసకు పెట్టి మధ్యలో ఉరికేవాడు. బీప్ కొట్టేవాళ్ళు లేక నోటితో తనే కొట్టుకునేవాడు. రెండు నెలలు అలాగే ఉరికాడు.

మూడో టెస్టు రోజు వచ్చింది. తొమ్మిది దాటాడు. పది కూడా దాటాడు. పదకొండులో నాలుగో బీప్‌కు కళ్ళు బైర్లు కమ్మాయి. లేచి చూసేసరికి మోకాళ్ళ నిండా ఎర్రమట్టి, ప్రణీత్ సార్ చేతిలో నీళ్ళ సీసా.

"నీ తప్పేం లేదు తిప్పేష్. కొందరి ఒళ్ళు అంతే," అన్నాడు ఆయన. "ఈ వయసుకు రావాల్సిన బలం ఇంకా రాలేదంటే, ఇక రాదనే అనుకోవాలి."

సాయంత్రం ఆఫీసులో కాగితాల కవరు చేతికిచ్చి, బూట్లు తిరిగి తీసుకున్నారు. గేటు దాకా ఎవరూ రాలేదు.

కళ్యాణదుర్గంలో బస్సు మారి, చివర్న షేర్ ఆటో ఎక్కి, మరుసటి రోజు పొద్దెక్కాక ఊరు చేరాడు. అమ్మ మారెక్క వాకిట్లో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు వలుస్తోంది. నాయన గొర్రెలతో ఎటో పోయినాడు.

"సెలవులు ఇచ్చినారా?" అంది.

"లేదుమా. పంపించేసినారు." తిప్పేష్ ఆమె పక్కన కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. "పదహారేండ్లోనికి ఉండాల్సిన బలం నాకు లేదంట. ఇంగ రాదంట."

మారెక్క చేతులు ఆగిపోయాయి.

"పదహారేండ్లా? ఎవురికప్పా?"

"నాకేమా. సూడు, నువ్వు ఇచ్చిన కాయితమే." కవరులోంచి పుట్టినతేదీ సర్టిఫికెట్ తీసి ఒళ్ళో పెట్టాడు.

మారెక్కకు చదువు రాదు. కానీ ఆ కాగితాన్ని మడత చూసే గుర్తుపట్టింది. పెట్టె అడుగున పెళ్ళి చీర కింద దాచుకున్నది. బళ్ళో వేసే రోజు అయ్యవారు కాగితం ఏదైనా ఉందా అంటే ఉన్నది అదొక్కటే తీసిచ్చింది. ఆమె దాన్ని పమిటతో తుడిచింది.

"దీంట్లో ఉండే తిప్పేష్ నువ్వు గాదు నాయనా, మీ అన్న, వాడు ఎనిమిది నెల్లకే పోతే దేవునికి మొక్కుకున్న పేరు ఇడిచిపెట్టకూడదని, వాని ఎనక రెండేండ్లకు పుట్టిన నీకూ అదే పేరు పెట్టుకుంటిమి."